వీధి చెట్టుకు మునిసిపాలిటీ ఫీజు ఎంత ఉండాలి? నా దగ్గర 110 మొక్కల లెక్క ఉంది, చూసి చెప్పండి

లెక్కల టీచర్:

అందరికీ నమస్కారం. పాలమూరు వైపు ఒక చిన్న మునిసిపాలిటీలో మా ఇల్లు. ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. సర్కారు బడిలో లెక్కలు చెప్పి 2023లో రిటైరయ్యాను. ఇప్పుడు మా కాలనీ సంఘానికి కోశాధికారిని, వార్డులో సీనియర్ సిటిజన్ల కమిటీలో సభ్యురాలిని.

మా ఊళ్లో కొత్త ఇంటికి పర్మిషన్ ఇచ్చేటప్పుడే ఒక ఫీజు తీసుకుని, ఆ డబ్బుతో ఇంటి ముందు రోడ్డు పక్కన చెట్టు నాటి మూడేళ్లు పెంచాలనే ఆలోచన నడుస్తోంది. ఎంత పెట్టాలో చెప్పమని వార్డు కమిటీలను కూడా అడిగారు. మొన్నటి సమావేశంలో ఒకాయన 500 చాలన్నారు. ఇంకొకాయన 5,000 పెడితేనే జనానికి చెట్టు విలువ తెలుస్తుందన్నారు. ఆ అంకె ఎలా వచ్చిందని ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ చెప్పలేకపోయారు. వచ్చే గురువారం మళ్లీ కూర్చుంటున్నాం. ఈలోగా ఒక కాగితం రాసిస్తానని మాటిచ్చాను.

మా కాలనీ కథ ముందు చెప్పాలి. 2019లో ఒక కాంట్రాక్టరు వచ్చి 80 మొక్కలు నాటి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోయాడు. మరుసటి మే నెలకు తొమ్మిదే మిగిలాయి. మొక్కల చుట్టూ పెట్టిన ఇనుప గార్డులు ఖాళీ, వాటిలో చిప్స్ ప్యాకెట్లు, కొబ్బరి బోండాలు. పిల్లలు వాటిని చెత్తబుట్టలనుకున్నారు. అది చూసి కడుపు మండి, 2022 జూలైలో ముసురు పట్టాక మేమే చందాలు వేసుకుని 110 మొక్కలు నాటుకున్నాం. ఎక్కువ కానుగ, కొన్ని వేప, కొన్ని పొగడ, నాలుగు రావి. ప్రతి చెట్టుకూ నంబరు వేశాను. ప్రతి రూపాయీ నోటుబుక్కులో ఉంది.

ఆరడుగుల మొక్క 180. లారీ కిరాయి మొక్కకు 40 పడింది. మాది మొరం నేల, గడ్డపార దిగదు, గుంతకు 150 ఇచ్చాం. ఎర్రమట్టి, పెంట ఎరువు కలిపి 120. ఊతకర్ర, తాడు 60. ఇనుప గార్డు 750. మొదటి రోజుకే 1,300 అయింది. 500 చాలన్న పెద్దాయన లెక్క ఇందులో సగానికి కూడా రాదు.

అసలు ఖర్చు నీళ్లది. తలా 40 లీటర్ల చొప్పున పోస్తే, కారిపోయింది పోను 110 మొక్కలకు 5,000 లీటర్ల ట్రాక్టర్ ట్యాంకరు ఒకటి సరిపోతుంది. ఫిబ్రవరి సగం నుంచి జూన్ సగం దాకా వారానికి రెండుసార్లు పోశాం, 34 ట్రిప్పులు. చలికాలంలో పది రోజులకోసారి, 12. వానాకాలంలో వాన మొహం చాటేసినప్పుడు 4. మొత్తం 50 ట్రిప్పులు. ట్యాంకరుకు సగటున 800, పైపు పట్టుకునే మనిషికి 300. ఏడాదికి 55,000, అంటే మొక్కకు 500. రెండో ఏడు 40 ట్రిప్పులతో మొక్కకు 400 అయింది. మూడో ఏడు 20 ట్రిప్పులు, 200. మూడేళ్ల నీళ్లకు 1,100.

పాదు తవ్వడానికి, కలుపు తీయడానికి, కింది కొమ్మలు కోయడానికి ఏడాదికి 80 లెక్కన మూడేళ్లకు 240. మధ్యలో 19 మొక్కలు చచ్చిపోతే మళ్లీ నాటాం. గార్డు కాక అయిన ఆ ఖర్చును అన్ని మొక్కలకూ పంచితే మొక్కకు 95. ఒక్కో మొక్కకు మూడేళ్లకు మొత్తం 2,735 రూపాయలు. 2025 మే నెలాఖరున లెక్కపెడితే 104 చెట్లు బతికి ఉన్నాయి.

ఇప్పుడు నా ప్రశ్నలు. 60 గజాల్లో రెండు గదులు వేసుకునే మనిషిని 2,735 కట్టమనడం న్యాయమేనా? మూడేళ్ల తర్వాత ఆ చెట్టు బాధ్యత ఎవరిది? ఇంకొకటి, నేను ఉద్యోగంలో ఉండగా జీతంలోంచి హరితనిధికి, అంటే చెట్ల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన నిధికి, నెలకు 25 రూపాయలు కోసేవారు. రిజిస్ట్రేషన్లకు కూడా 50 తీసుకుంటున్నారు. "ఇప్పటికే కడుతున్నాం కదమ్మా, మళ్లీ ఏం ఫీజు?" అని అడిగేవాళ్లకు ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత అకౌంటెంట్:

టీచర్ గారూ, మునిసిపల్ ఆఫీసుల్లో అకౌంట్స్‌లో 28 ఏళ్లు పనిచేశాను. ఇంత శుభ్రమైన లెక్క ఏ ఫైల్లోనూ చూడలేదు. మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ముందు ఇది పన్నా, ఫీజా అన్నది తేల్చుకోండి. పన్ను వేయాలంటే చట్టంలో దానికి చోటుండాలి. ఫీజు అంటే మునిసిపాలిటీ చేసిపెట్టే పనికి తీసుకునే డబ్బు, ఆ పనికయ్యే ఖర్చుకు అది దగ్గరగా ఉండాలి. కాబట్టి విలువ తెలియాలని 5,000 పెట్టడం కుదరదు. రేపు ఎవరైనా కోర్టుకు వెళితే జవాబు చెప్పుకోలేరు. మీ నోటుబుక్కు ఉంటే చెప్పుకోవచ్చు.

రెండోది, 2019 తెలంగాణ మునిసిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, బతకకపోతే బాధ్యులపై చర్య ఉంటుందని కూడా అందులో ఉంది. అంటే చెట్ల కోసం డబ్బు ఇప్పటికే ఒకటి ఉంది. కొత్త ఫీజు దానికి తోడవ్వాలి. ఫీజు వస్తోంది కదా అని ఆ 10 శాతాన్ని రోడ్ల ప్యాచ్‌వర్కుకు మళ్లించే ప్రమాదం ఉంది. మీ కాగితంలో ఈ మాట తప్పకుండా రాయండి. మొక్క మునిసిపల్ నర్సరీ నుంచే ఇస్తే 180, లారీ కిరాయి 40 మీ లెక్కలోంచి పోతాయి.

మూడోది గార్డు. మీరు 750ని ఖర్చు కింద రాశారు. అది ఆస్తి. స్టాక్ రిజిస్టరులో ఎక్కించి, మూడేళ్లయ్యాక తీసి, రంగు వేసి ఇంకో మొక్కకు పెట్టాలి. కనీసం రెండు మొక్కలకు వాడినా ఒక్కోదానికి 375 పడుతుంది. రిజిస్టరులో లేని గార్డు పాత ఇనుపసామాను కొట్టుకు చేరుతుంది, ఎన్నోసార్లు చూశాను.

మూడేళ్ల తర్వాతి సంగతి వేరు. చెట్టు యాభై ఏళ్లు ఉంటుంది, ఒక్కసారి కట్టిన ఫీజుతో యాభై ఏళ్లు సాకలేం. ముంబయి, పుణెల్లో 1975 నాటి మహారాష్ట్ర చట్టం కింద ఆస్తిపన్ను బిల్లులోనే వృక్ష సెస్సు అని ఒక లైను ఉంటుంది. ఇంటి విలువను బట్టి అందరూ ఏటా కొద్దికొద్దిగా కడతారు. మన దగ్గర అలాంటిది పెట్టాలంటే రాష్ట్ర ప్రభుత్వమే చట్టం తేవాలి, మీ వార్డు కమిటీ చేతిలో లేదు. అప్పటిదాకా ఆ 10 శాతంలోంచే జరగాలి.

కొట్టేసిన చెట్టుకు తీసుకునే డబ్బును మాత్రం దీంతో కలపకండి. 2002 నాటి వాల్టా చట్టం (నీరు, నేల, చెట్ల చట్టం) ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. సుప్రీంకోర్టు 2020లో వేసిన నిపుణుల కమిటీ ఒక చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని, దాన్ని చెట్టు వయసుతో గుణించాలని చెప్పింది. అది పోయినదానికి కట్టే విలువ. మీరు వేస్తున్నది పెంచడానికయ్యే ఖర్చు. రెండూ ఒకే పేరుతో వసూలు చేస్తే, "డబ్బు కట్టాను, కొట్టేస్తాను" అనేవాడికి దారి దొరుకుతుంది.

కడియపులంక నర్సరీ:

మేడమ్ గారూ, నమస్కారమండి. మాది కడియపులంక, మా నాన్నగారి హయాం నుంచీ నర్సరీయేనండి. మీ 19 మొక్కలు ఎందుకు పోయాయో నాకు అనుమానం ఉందండి.

ఆరడుగుల మొక్క 180కి వచ్చిందంటే కవరు చిన్నదై ఉంటుంది. కొనేవాళ్లు ఎత్తు చూస్తారు, వేరు చూడరు. చిన్న కవర్లో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేరు అడుగున చుట్ట చుట్టుకుపోతుందండి. నాటాక కూడా అలాగే తిరుగుతుంది, నేలలోకి పోదు. రెండేళ్లు బాగానే ఉన్నట్టు కనిపించి, మూడో ఏట గాలికి మొదలుతో సహా ఒరిగిపోతుంది. మొదలు బొటనవేలంత లావుండి, నాలుగడుగులే ఉన్న మొక్క తీసుకోండి. అది మీ ఆరడుగుల మొక్కను రెండేళ్లలో దాటేస్తుంది.

ఇంకోటండి, మీ మొక్కలు మా వైపు నుంచి తెచ్చినవైతే చెబుతున్నాను. మా దగ్గర గోదావరి ఒండ్రుమట్టి, జిగురుగా ఉంటుంది. వేరు చుట్టూ ఉన్న ఆ మట్టిముద్దను తీసుకెళ్లి మీ మొరంలో పెడితే ఎండకు ఇటుకలా బిగుసుకుంటుంది. మీరు పోసిన 40 లీటర్లూ దాని చుట్టూ జారిపోయి మొరంలోకి ఇంకిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పాదులో తడి చూసి మీరు సంతోషిస్తారు, మొక్క మాత్రం దాహంతో చచ్చిపోతుందండి. నాటేముందు ముద్దను బక్కెట్లో బుడగలు ఆగేదాకా ముంచండి. పక్కల నాలుగు చోట్ల చాకుతో నిలువుగా గీయండి. కవరు పూర్తిగా తీసేయండి, అడుగు మాత్రం కోసి వదిలేస్తే చాలదు. లారీ దిగిన రోజే నాటకుండా పదిహేను రోజులు మీ ఊరి చెట్టునీడలో ఉంచండి.

మా సరుకు అమ్ముకునే మనిషినైనా నిజం చెబుతున్నానండి, మీ మునిసిపల్ నర్సరీలో మీ ఎర్రమట్టిలో పెరిగిన మొక్క దొరికితే అదే తీసుకోండి. చవగ్గా, త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ ఇస్తామంటే మాత్రం వద్దనండి. మీ రాష్ట్రంలో దాన్ని నాటొద్దని 2022లోనే చెప్పారు. ఒకే రకం మొత్తం వీధికి వేయకండి. 2021లో మీ తెలంగాణలో వేపచెట్ల కొమ్మలు చివర్ల నుంచి మాడిపోయినట్టు ఎండిపోవడం గుర్తుండే ఉంటుంది. తర్వాత చాలావరకు చిగురించాయనుకోండి, అది వేరే మాట. వీధంతా వేపే ఉన్నవాళ్లు ఆ రోజుల్లో భయపడి మాకు ఫోన్లు చేశారండి.

ఇడ్లీ బండి అక్క:

టీచరమ్మా, మాది బస్టాండు ఎదురుగా ఇడ్లీ బండి, మీ జిల్లాయే. మీ లెక్క రెండుసార్లు చదివాను. నాదో మాట.

నా బండి కానుగ చెట్టు కింద ఉంది. నా కంటే ముందు మా అత్త అక్కడే పెట్టేది. ఎండాకాలంలో తొమ్మిది దాటితే చెట్టు లేని చోట ఎవరూ నిలబడి తినరు. నా దగ్గర పదకొండు దాకా గిరాకీ ఉంటుంది, అదంతా ఆ నీడ చలవే. మొన్న ఏప్రిల్లో తీగలకు అడ్డమని ఒక పక్కంతా కొట్టేశారు. రెండు నెలలు తొమ్మిదిన్నరకే బండి కట్టేశాను. ఎంత పోయిందో నాకు తెలుసు.

ఆ చెట్టు వెనకాల ఇల్లు ఒక సారుది. ఆ నీడ ఆయన వాకిట్లో పడదు. రోడ్డు మీద పడుతుంది, నా మీద, బస్సు కోసం నిలబడ్డ పిల్లల మీద పడుతుంది. మరి మొత్తం ఫీజు ఆయనే ఎందుకు కట్టాలి? చెట్టు వల్ల ఆయనకు ఆకులు ఊడ్చుకునే పని, మోరీలో వేర్లు. నీడ అందరిదైనప్పుడు ఖర్చులో అందరికీ వంతు ఉండాలి కదా.

ఇంకోటి చెబుతాను, కోపం చేసుకోకండి. మీరు మొక్కకు ఏడాదికి 500 పెట్టి ట్యాంకరు తెప్పించారు. మా బండి దగ్గర రోజూ బియ్యం, మినప్పప్పు కడిగిన నీళ్లు రెండు బిందెలు పారబోస్తాం. ఆ వరసలో పండ్ల బండి ఉంది, టీ కొట్టు ఉంది, చెప్పులు కుట్టే తాత ఉన్నాడు. మాకు నాలుగు చెట్లు అప్పగించి, బతికిన చెట్టుకు నెలకు 30 రూపాయలు ఇవ్వండి. ట్యాంకరు కంటే చవక. మేం పొద్దున్నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటాం, మేక వచ్చినా తోలుతాం, స్కూటరు ఆనించినా తిడతాం.

లైన్ ఇన్‌స్పెక్టర్, రిటైర్డ్:

ఇడ్లీ బండి అమ్మా, ఆ చెట్టును ఒక పక్కే కొట్టినవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారు. విశాఖలో విద్యుత్తు శాఖలో చేశాను. మా తప్పు కొంత ఉంది. వర్షాలకు ముందు తీగల చుట్టూ కొమ్మలు తీయాల్సిందే, లేకపోతే గాలివానకు కొమ్మ విరిగి తీగ మీద పడుతుంది, మనుషులు పోతారు. ఒక పక్కే తెగనరకడం మాత్రం తప్పు. బరువంతా రెండో వైపు ఉండిపోయి, తర్వాతి గాలికి చెట్టే పడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నేను డ్యూటీలోనే ఉన్నాను. తెల్లారి రోడ్ల మీద నడవడానికి చోటు లేదు, ఎటు చూసినా పడ్డ చెట్లే. ఒక వీధిలో పడ్డ తురాయి మొదలు దగ్గర ఆగాను. వేర్ల ముద్ద మొత్తం పైకి లేచి ఉంది, పెద్ద పళ్లెంలా గుండ్రంగా. ఆ పళ్లెం అంచు సరిగ్గా సిమెంటు ఎక్కడ మొదలైందో అక్కడ ఆగింది. కాలిబాట వేసినప్పుడు మొదలు దాకా సిమెంటు పోసేశారు, వేరు పక్కకు పోవడానికి దారే లేదు. ఢిల్లీలో చెట్టు చుట్టూ ఒక మీటరు దాకా సిమెంటు తీసేయమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. టీచరమ్మా, మీ ఊళ్లో ఫీజు ఎంతైనా పెట్టండి, ఆ ఒక్క మీటరు మట్టి వదలకపోతే ఆ డబ్బంతా పడిపోయే చెట్టుకు పెట్టినట్టే.

తుపాను తర్వాత మా ఊళ్లో తొందరగా పచ్చబడాలని ఏడాకుల పాల విపరీతంగా నాటారు. ఇప్పుడు శీతాకాలం మొదట్లో అవి పూస్తే రాత్రిళ్లు ఆ ఘాటు వాసనకు తలనొప్పి, ఆయాసం అని జనం గోల పెడుతున్నారు. తొందర పడకండి.

ఫీజు విషయంలో నా సలహా ఒకటే. నాటే రోజున తల పైకెత్తి తీగ ఉందా లేదా చూడండి. తీగ కింద పారిజాతం, దేవగన్నేరు లాంటి చిన్న చెట్లు వేస్తే కొమ్మలు కొట్టే ఖర్చు దాదాపు ఉండదు. రావి, కానుగ తీగ లేని వైపు వేయండి. మీ నాలుగు రావి చెట్లు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి.

బే ఏరియా నుంచి:

టీచర్ గారూ, నేను కాలిఫోర్నియాలో ఉంటున్నాను, సొంతూరు వనపర్తి. మూడేళ్ల తర్వాత బాధ్యత ఎవరిదన్న మీ ప్రశ్నకు ఇక్కడి అనుభవం పనికొస్తుందేమో.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒకప్పుడు చాలా వీధి చెట్ల బాధ్యత ఆ ఇంటివాళ్లదే. కొమ్మలు కోయించడం, వేర్లు లేపిన కాలిబాట బాగు చేయించడం, అన్నీ. జనం విసిగిపోయారు. 2016 నవంబరులో ఓటింగ్ పెడితే, చెట్లూ వాటి వల్ల పాడైన కాలిబాటలూ నగరమే చూసుకోవాలని పెద్ద మెజారిటీతో గెలిపించారు. దానికోసం నగరం తన సాధారణ నిధిలోంచి ఏటా డబ్బు పక్కన పెడుతోంది, మొదట్లో అది 1 కోటి 90 లక్షల డాలర్లు. దీనికంటూ కొత్త పన్ను వేయలేదు. చుట్టుపక్కల ఊళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ ఇంటివాళ్ల మీదే భారం. మా పక్కింటి పెద్దావిడ కాలిబాట రాళ్లు లేచాయని వేలల్లో ఖర్చు పెట్టుకుంది. ఆ తర్వాత ఇంటి ముందు కొత్త మొక్క నాటుతామంటే వద్దే వద్దంది. చెట్టంటే ఆమెకు ప్రేమే, వచ్చే బిల్లుకే భయం.

అందుకే మీ కాగితంలో "ఫీజు కట్టిన తర్వాత ఈ చెట్టు వల్ల వచ్చే ఏ ఖర్చూ ఇంటివాళ్లది కాదు" అని ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం ఉంటే 2,000 కట్టడానికి కూడా చాలామంది ఒప్పుకుంటారు.

లెక్కల టీచర్:

అందరికీ పేరుపేరునా దండాలు. నిన్న సాయంత్రం నోటుబుక్కు, టేపు తీసుకుని మా కాలనీ మొత్తం మళ్లీ తిరిగాను. నాతో పాటు తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు వచ్చారు.

లైన్ ఇన్‌స్పెక్టర్ గారూ, మీరు అడిగినట్టే చూశాను. నాలుగు రావి చెట్లలో ఒకటి సరిగ్గా తీగ కిందే ఉంది. నాటిన రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను, తలెత్తి చూడలేదు. వానలు పడగానే దాన్ని తవ్వి చెరువుకట్ట మీదకు మారుస్తాం. ఇంకా మూడేళ్లదే కాబట్టి బతుకుతుందనే ఆశ. సిమెంటు విషయం కూడా కొలిచాను. సీసీ రోడ్డు పడినప్పుడు 23 చెట్లకు మొదలు దాకా సిమెంటు తగిలింది.

అకౌంటెంట్ గారు గార్డుల సంగతి చెప్పకపోతే 57వ నంబరు దగ్గర ఆగేదాన్ని కాదు. అది కానుగ, బాగా ఎదిగింది, పన్నెండు అడుగులు దాటింది. గార్డు పై రింగు కాండానికి ఆనుకుని ఉంది. దగ్గరికి వెళ్లి చేత్తో తడిమితే ఇనుము సగం బెరడులోకి పోయి ఉంది. రింగుకు పైన కాండం ఉబ్బి పెదవిలా కిందికి దిగింది, కింద సన్నగా ఉంది. మేం కాపాడటానికి పెట్టిందే దాని గొంతు బిగిస్తోంది. వెల్డింగు షాపు అబ్బాయి ఆక్సా బ్లేడు తెచ్చి రెండు చోట్ల కోశాడు. బెరడులో ఇరుక్కున్న ముక్కను లాగితే చెట్టుకు ఇంకా గాయమవుతుందని అలాగే వదిలేశాం. ఇలాంటివి ఇంకో పదకొండు కనిపించాయి. గార్డును తీసి ఇంకోదానికి పెట్టడం డబ్బు మిగలడానికే అనుకున్నాను, చెట్టు ప్రాణానికి కూడా అదే కావాలి.

ఇప్పుడు కొత్త లెక్క. మొక్క మునిసిపల్ నర్సరీది, మా మట్టిలోనే పెరిగింది. కడియపులంక బాబూ, మీ మాట విన్నాను, నాలుగడుగులదే అడుగుతాను. గార్డు 375. గుంత, మట్టి, కర్ర 330. నీళ్లు 1,100. పాదు పని 240. చచ్చినవి మళ్లీ నాటడానికి 57 పడుతుంది. మొత్తం 2,102, గుండుగుత్తగా 2,100 అని రాస్తున్నాను.

అందులో ఎవరి వంతు ఎంత అన్నదానికి ఇడ్లీ బండి చెల్లెలి మాటే పట్టుకున్నాను. 100 గజాల లోపు ఇంటికి ఫీజు వద్దు, మొత్తం ఆ 10 శాతం బడ్జెట్‌లోంచి పెట్టాలి. 100 నుంచి 200 గజాల దాకా సగం, 1,050. ఆపైన పూర్తిగా 2,100. ఫంక్షన్ హాళ్లు, షాపింగ్ కాంప్లెక్సులకు రోడ్డు వైపు ప్రతి 8 మీటర్లకు ఒక చెట్టు లెక్కన. ఇంటివాళ్లే నీళ్లు పోసుకుంటామంటే నీళ్ల డబ్బులో వాళ్లు కట్టిన వంతు మూడు విడతల్లో తిరిగి ఇవ్వాలి. పూర్తి ఫీజు కట్టినవాళ్లకు మొదటి ఏడు 500, రెండో ఏడు 400, మూడో ఏడు 200. సగం కట్టినవాళ్లకు అందులో సగం. ఇంటివాళ్లు పోయకపోతే ఆ డబ్బు బండ్లవాళ్లకు, బతికిన చెట్టును బట్టి. చెల్లీ, నువ్వడిగిన నెలకు 30 మొదటి ఏడు ఇవ్వగలం, రెండో ఏడు కూడా ఇవ్వగలం. మూడో ఏడు నీళ్లు తక్కువ కాబట్టి 15కి ఒప్పుకోవాలి. మీ వరసలో ఎంతమంది సిద్ధంగా ఉన్నారో కనుక్కుని చెప్పు.

చెట్లు లెక్కపెట్టే తారీకు కూడా రాశాను, ప్రతి ఏడూ మే 31. ఆగస్టులో లెక్కపెడితే కలుపు మొక్కలు కూడా పచ్చగానే కనిపిస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండలో ఆకు నిలిచిందా లేదా చూసి డబ్బు విడుదల చేయాలి. కాంట్రాక్టరుకైనా అదే తారీకు. వసూలైన డబ్బు విడి ఖాతాలో ఉండాలి, ఏ వీధిలో ఎన్ని చెట్లకు ఎంత ఖర్చయిందో వార్డు ఆఫీసు గోడ మీద రాయాలి.

హరితనిధి గురించి అడిగేవాళ్లకు జవాబు కూడా దొరికింది. అది రాష్ట్రం మొత్తానిది, నా 25 రూపాయలు ఎక్కడి చెట్టుకు వెళ్లాయో నేను చూడలేను. ఈ డబ్బుకు చెట్టు నంబరు ఉంటుంది, రసీదు మీద కూడా ఆ నంబరే వేయమని అడుగుతున్నాను.

వనపర్తి తమ్ముడూ, నువ్వు చెప్పిన వాక్యం కాగితంలో మొదటి పేజీలోనే పెట్టాను. దీనికి ఆఫీసులో ఒప్పుకోకపోవచ్చు, వేర్లు మోరీ పగలగొడితే బాగుచేసే ఖర్చు ఎవరు పెడతారని తప్పకుండా అడుగుతారు. మా కాలనీలో మూడేళ్లలో అలాంటిది ఒక్కటే జరిగింది, 1,400 అయింది, ఆ రసీదు జత చేస్తున్నాను.

సమావేశం గురువారం పదకొండింటికి. రేపు ఆదివారం పొద్దున ఆ పదకొండు చెట్ల గార్డులు విప్పుతున్నాం, వెల్డింగు అబ్బాయి ఆరింటికే వస్తానన్నాడు. ఆ 23 చెట్ల చుట్టూ సిమెంటు తీయడానికి డ్రిల్లింగ్ మిషన్ అద్దె రోజుకు ఎంత ఉంటుందో ఎవరికైనా తెలిస్తే ఈ రాత్రికే చెప్పండి, అది కూడా కాగితంలో చేర్చాలి.